వియన్నా బుధవారం సంఘం మినిట్స్: ఎంతవరకు నమ్మొచ్చు?

కృష్ణలంక_రవి

మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ దగ్గర బుధవారాలు కూడిన వియన్నా సైకోఎనలిటిక్ సొసైటీ మినిట్స్ (మీటింగుల రికార్డు) చదువుతున్నాను. మొత్తం నాలుగు సంపుటాలు, 1906 అక్టోబరు నుంచి 1918 దాకా. ప్రస్తుతానికి మొదటిదాంట్లోనే ఉన్నా.

ఫ్రాయిడ్ మాట్లాడతాడు, మిగతావాళ్లు తలూపుతారు అనుకుని తెరిచాను. అలా ఏమీ లేదు. డాక్టర్లున్నారు, మాక్స్ గ్రాఫ్ అనే సంగీత విమర్శకుడు ఉన్నాడు, హ్యూగో హెల్లర్ అని పుస్తకాల షాపు నడిపే ఆయన ఉన్నాడు. ఒకరు పేపర్ చదవడం ఆలస్యం, మిగతావాళ్లు వాయించేస్తున్నారు. కొన్నిసార్లు పేపర్ సంగతి పక్కనపెట్టి చదివిన మనిషి మీదికే వెళ్లిపోతున్నారు.

నా డౌట్ ఏంటంటే, ఇదంతా రాసింది ఒక్కడే, ఒట్టో రాంక్. 1906లో అతనికి 22 ఏళ్లు. అంతకుముందు మెషీన్ షాపులో పని. ఫ్రాయిడ్‌కి నచ్చి సంఘానికి జీతం మీద సెక్రటరీగా పెట్టుకున్నారు. పై చదువులకు సాయం చేసింది కూడా ఫ్రాయిడే. అలాంటి కుర్రాడు రాసింది ఎంతవరకు నమ్మాలి? ఇంకోటి, సంఘం మొదలైంది 1902లో కదా, మొదటి నాలుగేళ్ల రికార్డు ఏమైంది?

రికార్డురూమ్

రవిగారూ, మంచి ప్రశ్న వేశారు. ఉద్యోగమంతా పాత దస్త్రాల మధ్యే గడిచింది కాబట్టి నాకు తోచింది చెప్తాను.

మినిట్స్ అనగానే మనకు గుర్తొచ్చేది అపార్ట్‌మెంట్ సంఘం పుస్తకం. రెండు గంటలు కొట్టుకున్నా చివరికి రాసేది "చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఒక్క లైను. రాంక్ పుస్తకం దీనికి పూర్తిగా తిరగేసిన రకం. తీర్మానాలు తక్కువ, చర్చ ఎక్కువ. పైన తేదీ, హాజరైనవాళ్ల పేర్లు, ఆరోజు పేపర్ ఎవరిది, దాని సారాంశం. ఆ తర్వాత ఎవరి తర్వాత ఎవరు మాట్లాడారో, ఏమన్నారో అదే వరుసలో. రాకపోయినవాళ్లనూ పట్టుకోవచ్చు.

అయితే ఇది స్టెనోగ్రాఫర్ రాసిన అక్షరం అక్షరం రికార్డు కాదు. అక్కడ కూర్చుని నోట్స్ తీసుకుని, తర్వాత తీరిగ్గా విస్తరించి రాసింది. కాబట్టి ఒక వాక్యాన్ని పట్టుకుని "ఫ్రాయిడ్ ఈ మాటే అన్నాడు" అని కోట్ చేస్తే ఇబ్బంది. "ఆ రాత్రి ఫ్రాయిడ్ ఈ అర్థం వచ్చేలా మాట్లాడాడు" అనడం వరకు ధైర్యంగా అనొచ్చు. ఎవరు వచ్చారు, ఎవరి తర్వాత ఎవరు లేచారు, ఎవరు ఎవర్ని సమర్థించారు అన్న విషయాల్లో దీన్ని మించిన సాక్ష్యం లేదు.

మొదటి ఎంట్రీ చూశారుగా, 1906 అక్టోబరు 10. ఆరోజు పేపర్ చదివింది రాంకే! సాహిత్యంలో రక్తసంబంధీకుల మధ్య కోరికల మీద పెద్ద వ్యాసం, వరసగా మూడు బుధవారాలు నడిచింది. దాని మీద వచ్చిన విమర్శలన్నీ అతనే రాసుకోవాల్సి వచ్చింది. పాపం రాసుకున్నాడు కూడా.

1902 నుంచి 1906 వరకు మినిట్స్ లేవు. మిగిలినవి జ్ఞాపకాలే. 1902 శరదృతువులో ఫ్రాయిడ్ నలుగురు డాక్టర్లకు పోస్టుకార్డులు రాశాడు: ఆడ్లర్, స్టెకెల్, కహానె, రైట్లర్. అలా కూడదామన్న సలహా స్టెకెల్‌ది. మొదట్లో పొగతాగడం మనసు మీద చేసే పని గురించి చర్చించుకున్నారని స్టెకెల్ రాశాడు. గది నిండా చుట్ట పొగతో ఈ టాపిక్ ఎలా నడిచిందో మరి.

తిరగలి

రికార్డురూమ్ గారూ, మీరు కొంచెం మెత్తగా చెప్తున్నారు. ఉప్పు తిన్నవాడు ఉప్పు పెట్టినవాడి గురించి ఎలా రాస్తాడో తెలీదా? ఆ మినిట్స్‌లో ఫ్రాయిడ్ మాట్లాడినప్పుడల్లా పేరా పొడుగు పెరుగుతుంది. పక్కవాళ్లకు రెండు లైన్లే దక్కిన చోట్లు బోలెడు. ఇది ఎడిటింగ్ కాక ఇంకేంటి?

ఇంకో సంగతి. 1907 సెప్టెంబరులో ఫ్రాయిడ్ రోమ్‌లో సెలవుల్లో ఉండి అక్కణ్నుంచి సభ్యులందరికీ ఒక సర్క్యులర్ పంపాడు. సంఘాన్ని రద్దు చేస్తున్నా, వెంటనే మళ్లీ మొదలుపెడతా, ఉండదలుచుకున్నవాళ్లు తెలియజేయండి అని. పైకి చూస్తే మర్యాదే, ఇష్టం లేనివాళ్లు మొహమాటపడకుండా తప్పుకోవచ్చు. కానీ ఆలోచించండి, ఒక సంఘాన్ని ఒక మనిషి సెలవుల్లో ఉండి ఉత్తరం ముక్కతో రద్దు చేసి మళ్లీ పుట్టించగలిగితే అది సంఘమా, దర్బారా? మాక్స్ గ్రాఫ్ తర్వాత ఎప్పుడో 1942లో రాసిన జ్ఞాపకాల్లో ఆ గదిలో మతం పుడుతున్న వాతావరణం ఉండేదన్నాడు. మినిట్స్‌లో ఆ వాసన ఎక్కడుందో చూపించండి.

సుధ_సైకియాట్రీ

తిరగలి గారూ, వాసన సంగతేమో గానీ కంపు మాత్రం దాచలేదు రాంక్.

1907 మే 15 ఎంట్రీ చదవండి. ఫ్రిట్జ్ విటెల్స్ "ఆడ డాక్టర్లు" అనే విషయం మీద పేపర్ చదివాడు. ఆడవాళ్లు మెడిసిన్ చదవడం మీద అంత విషం కక్కినది నేను ఇంకెక్కడా చదవలేదు. అప్పటికి వియన్నాలో ఆడవాళ్లు మెడిసిన్‌లోకి వచ్చి కొద్దికాలమే. ఆ పేపర్‌కి సభ్యుల్లో కొందరు గట్టిగా అడ్డుపడ్డారు. మర్యాద లోపించిందని ఫ్రాయిడ్ కూడా అన్నాడు, కానీ విటెల్స్‌ని మొత్తంగా కొట్టిపారేయలేదు. ఇవాళ చదివితే ఆ గదిలో ఎవరికీ గౌరవం పెంచే రాత్రి కాదది. పొగడ్త రాసేవాడైతే ఆ పేజీ మాయమయ్యేది.

మూడేళ్ల తర్వాత, 1910 ఏప్రిల్లో, ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవాలా వద్దా అన్న చర్చ వచ్చింది. ఇజిడోర్ సాడ్గెర్ సూత్రప్రాయంగానే వద్దన్నాడు. ఆడవాళ్లన్న కారణంతో బయట పెడితే మన మాటకీ చేతకీ పొంతన ఉండదని ఫ్రాయిడ్ వాదించాడు. అలా మార్గరెటె హిల్ఫెర్డింగ్ మొదటి మహిళా సభ్యురాలైంది. ఆవిడ వియన్నా యూనివర్సిటీలో మెడిసిన్ పట్టా తీసుకున్న తొలితరం. 1911 జనవరి 11న తల్లి ప్రేమకు మూలం ఎక్కడుందో మాట్లాడింది. తల్లి ప్రేమ పుట్టుకతోనే వచ్చేస్తుందన్న నమ్మకాన్ని సూటిగా ప్రశ్నించింది. ప్రసవం తర్వాత బిడ్డను చూసి ఏమీ అనిపించలేదని ఏడ్చే తల్లులు నా ఓపీలో ఇప్పటికీ వస్తారు. 1911లో, గది నిండా మగవాళ్ల మధ్య నిలబడి ఆవిడ ఆ మాట అంది.

ఆ ఏడాదే, ఫ్రాయిడ్‌తో విభేదించిన ఆడ్లర్ బయటికి వెళ్లినప్పుడు ఆవిడ కూడా సంఘం వదిలేసింది. 1942లో నాజీల నిర్బంధంలో ప్రాణం పోయింది.

పెనమలూరు_పిల్లోడు

లాటరీ తీసి మాట్లాడించేవాళ్లని ఎక్కడో విన్నాను. నిజమా?

రికార్డురూమ్

నిజమే. పేపర్ అయ్యాక కాఫీ, కేకులు, చుట్టలు. ఆ తర్వాత ఒక పాత్రలోంచి పేర్ల చీటీలు తీసేవారు. ఎవరి చీటీ వస్తే వాళ్లు మాట్లాడాలి, తప్పించుకోవడానికి లేదు. అందరూ మాట్లాడాక చివర్లో ఫ్రాయిడ్. ఈ బలవంతం మీద చాలామందికి చిరాకు ఉండేది. 1908 ఫిబ్రవరిలో కార్యవిధానం మీద పెద్ద చర్చే జరిగి ఆ నిర్బంధం తీసేశారు. ఈ పద్ధతి తెలిస్తేనే మొదటి సంపుటం అర్థమవుతుంది. కొందరు మరీ పేలవంగా ఎందుకు మాట్లాడుతున్నారంటే, చెప్పడానికేమీ లేకపోయినా చీటీ వచ్చింది కాబట్టి.

ఆ ఫిబ్రవరి చర్చలోనే ఇంకో ఆసక్తికరమైన గొడవ. ఇక్కడ ఒకరు చెప్పిన ఆలోచన ఇంకొకరు తమ పేరుతో అచ్చువేసుకుంటున్నారు, ఈ "ఆలోచనల కమ్యూనిజం" ఆపాలని పాల్ ఫెడెర్న్ ప్రతిపాదించాడు. నా మాటల మీద నాకేమీ హక్కు అక్కర్లేదు, ఎవరైనా వాడుకోండి అన్నాడు ఫ్రాయిడ్. పెద్దాయనకు ఆ ఉదారత చెల్లుతుంది. ఇంకా పేరు రాని మిగతావాళ్లకు? ఎవరు ముందు అన్నారో తేలాలంటే వాళ్లకు దిక్కు ఆ మినిట్స్ పుస్తకమే. రాంక్ మీద నమ్మకం లేకపోతే ఫెడెర్న్ లాంటివాళ్లు ఊరుకునేవాళ్లు కాదని నా ఉద్దేశం.

వియన్నా_తెలుగమ్మాయి

నేను ఉండేది ఇక్కడే, 9వ జిల్లాకి దగ్గర్లో. చుట్టాలు ఎవరొచ్చినా ఫ్రాయిడ్ ఇల్లు, బెర్గ్‌గాస్సె 19కి తీసుకెళ్లడం నాకు డ్యూటీ అయిపోయింది. మ్యూజియం 1971లో తెరిచారు. వెయిటింగ్ రూమ్‌లో పాత ఫర్నిచర్ ఉంటుంది, ఫ్రాయిడ్ కూతురు ఆనా లండన్ నుంచి తిరిగి పంపించింది. ఎర్ర గుడ్డ వేసిన సోఫా, కుర్చీలు. రోగుల్ని పడుకోబెట్టి మాట్లాడించిన అసలు కౌచ్ మాత్రం లండన్‌లోనే ఉంది. దాన్ని చూద్దామని వచ్చినవాళ్ల మొహాలు వాడిపోవడం ఇక్కడ రోజూ చూసేదే.

"బుధవారం మీటింగులు ఇక్కడే జరిగాయి" అని చాలామంది ఆ గదిలో నిలబడి ఫోటో దిగుతారు. సగమే నిజం. 1908 దాకా ఫ్రాయిడ్ ప్రాక్టీస్ అదే బిల్డింగులో కింది అంతస్తులో ఉండేది. 1902లో నలుగురు కూర్చున్నది, 1906లో రాంక్ మొదటిసారి నోట్స్ తీసుకున్నది అక్కడ. పైకి మారింది ఆ తర్వాత. మళ్లీ 1910లో జనం పట్టక ఇల్లు వదిలేసి డాక్టర్ల సంఘం హాలుకి మారిపోయారు. అంటే ఇప్పుడు మనం చూసే గదిలో మీటింగులు నడిచింది దాదాపు రెండేళ్లు.

గది చాలా చిన్నది. పది పన్నెండు మంది చుట్టలు కాలుస్తూ కూర్చుంటే... అమ్మో.

జూనియర్_కాలేజ్_మాస్టారు

నేను రెండో సంపుటం దాకా రాలేదు కానీ, 1910 ఏప్రిల్ 20, 27 తేదీల చర్చ మాత్రం వెతుక్కుని చదివాను. విషయం విద్యార్థుల ఆత్మహత్యలు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ గుండె దడదడలాడే ఉద్యోగం మాది, అందుకే.

చర్చ మొదలుపెట్టింది డాక్టర్ కాదు, స్కూలు మాస్టారు. డేవిడ్ ఎర్నెస్ట్ ఓపెన్‌హైమ్, హైస్కూల్లో గ్రీకు, లాటిన్ చెప్పేవాడు. తప్పంతా స్కూళ్లదే అని నెట్టేయడం ఎంతవరకు న్యాయమని అడిగాడు. ఫ్రాయిడ్ స్కూలుని వదల్లేదు. పిల్లల్ని చావు వైపు నెట్టకుండా ఉంటే సరిపోదు, బతకాలన్న కోరిక కలిగించాలి, ఇంటి నుంచి బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టే వయసులో చేయూతనివ్వాలి, చాలా స్కూళ్లు ఇందులో విఫలమవుతున్నాయి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ చర్చ అదే ఏడాది చిన్న పుస్తకంగా వచ్చింది. మినిట్స్‌నీ అచ్చయిన పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదవగలిగే అరుదైన సందర్భం ఇది. రవిగారి ప్రశ్నకు ఇది పనికొస్తుంది. రాంక్ రాసిన నోటు ఎక్కడ కుదించిందో, సభ్యులు అచ్చుకిచ్చేటప్పుడు ఏమి సానబెట్టుకున్నారో చూసుకోవచ్చు.

ఓపెన్‌హైమ్ కూడా ఆడ్లర్ వైపే వెళ్లాడు. 1943లో టెరెజిన్ నిర్బంధ శిబిరంలో పోయాడు. ఫిలాసఫర్ పీటర్ సింగర్‌కి ఈయన తాతగారు.

తిరగలి

మాస్టారూ, ఇది బావుంది. ఇలా రెండు రికార్డులు ఎదురెదురుగా పెట్టే చోటైతే నాకు పేచీ లేదు.

కానీ అసలు పరీక్ష 1911. జనవరి 4న, ఫిబ్రవరి 1న ఆడ్లర్ తన సిద్ధాంతం వివరించాడు. ఫిబ్రవరిలోనే దాని మీద విచారణలాంటి చర్చలు జరిగాయి. ఆడ్లర్ అధ్యక్ష పదవి వదిలేశాడు, స్టెకెల్ ఉపాధ్యక్ష పదవి వదిలేశాడు, కుర్చీ ఫ్రాయిడ్‌కి వచ్చింది. వేసవికి ఆడ్లర్ సంఘమే వదిలేశాడు. అక్టోబరు 11న తీర్మానం: ఆడ్లర్ పెట్టిన కొత్త సంఘంలోనూ ఇందులోనూ రెండిట్లో సభ్యత్వం కుదరదని. 11 మంది అవునన్నారు, 5 మంది కాదన్నారు. కాదన్నవాళ్లు లేచి వెళ్లిపోయారు.

ఇదంతా మినిట్స్‌లో ఉంది, కాదనను. లేనిదేంటంటే మిగతా ఆరు రోజులు. మంగళవారం కాఫీ హోటల్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుని బుధవారం వచ్చారో? ఆడ్లర్ గురించి స్విట్జర్లాండ్ సైకియాట్రిస్ట్ యుంగ్‌కి ఫ్రాయిడ్ రాసిన ఉత్తరాలు చదివి, తర్వాత ఆ ఫిబ్రవరి మినిట్స్ చదవండి. మీటింగులో కనిపించే ఓపిక వేరు, ఉత్తరంలో కనిపించే విసుగు వేరు.

సుధ_సైకియాట్రీ

ఇదైతే ఒప్పుకుంటాను. కానీ అది రాంక్ తప్పు కాదుగా? మీటింగు రికార్డు మీటింగు గురించే చెప్తుంది. ఉత్తరాలు కూడా చదవాలి, అంతే.

స్పీల్‌రైన్ విషయంలోనూ ఇదే. సబీనా స్పీల్‌రైన్ 1911 అక్టోబరులో, సరిగ్గా ఆ గొడవ రోజే సభ్యురాలైంది. నవంబరు 29న, కొత్తది పుట్టాలంటే పాతది నాశనమయ్యే తీరాలన్న ఆలోచన మీద మాట్లాడింది. ఫ్రాయిడ్ మరణ ప్రవృత్తి (మనిషిని నాశనం వైపు లాగే ప్రేరణ) అని రాసింది 1920లో. ఆవిడ ముందే అందన్నది ఎవరో తర్వాత అల్లిన మాట కాదు, తేదీతో సహా రాంక్ రాతలో ఉంది. ఆవిడనూ 1942లో రోస్తోవ్‌లో నాజీలు చంపేశారు.

పెనమలూరు_పిల్లోడు

మరి 1938లో నాజీలు వచ్చినప్పుడు ఈ కాగితాలు ఎలా బతికాయి? అందరూ యూదులే కదా.

రికార్డురూమ్

దాదాపు అందరూ. 1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి దిగింది. మార్చి 13న సంఘం కార్యవర్గం కూర్చుని రెండు నిర్ణయాలు తీసుకుంది: వెళ్లగలిగినవాళ్లంతా దేశం దాటాలి, ఫ్రాయిడ్ ఎక్కడ స్థిరపడితే సంఘం కేంద్రం అక్కడే. అప్పుడు ఫ్రాయిడ్ ఒక పాత యూదు కథ గుర్తుచేశాడు. జెరూసలేం ఆలయం కూలాక యోహనన్ బెన్ జక్కై అనే రబ్బీ (యూదు మతగురువు) యబ్నె అనే ఊళ్లో బడి పెట్టుకోవడానికి అనుమతి అడిగాడని, మనమూ అదే చేస్తున్నామని.

రెండు రోజులకే సంఘం ప్రచురణ సంస్థ మీద, ఫ్రాయిడ్ ఇంటి మీద దాడి. సంస్థ పుస్తకాలు చాలావరకు నాశనం చేశారు. ఆస్తులకు నాజీలు పెట్టిన అధికారి ఆంటోన్ జావర్వాల్డ్. విచిత్రమేంటంటే ఫ్రాయిడ్‌కి విదేశీ బ్యాంకుల్లో డబ్బున్నట్టు కాగితాల్లో చూసి కూడా, కుటుంబం దాటిపోయేదాకా పైకి చెప్పలేదు. జూన్ 4న ఫ్రాయిడ్ వియన్నా వదిలాడు.

మినిట్స్ కట్టల్ని ఫ్రాయిడ్ ఫెడెర్న్ చేతికిచ్చాడు. 1923లో క్యాన్సర్ వచ్చాక ఫ్రాయిడ్ మీటింగులకు రాకపోతే అధ్యక్షస్థానంలో కూర్చున్నది ఈ ఫెడెర్నే. "ఆలోచనల కమ్యూనిజం" వద్దన్న ఫెడెర్న్ చేతిలోనే ఎవరు ఏమన్నారో రాసిన పుస్తకాలన్నీ అమెరికా చేరాయి. ఫెడెర్న్ 1950లో పోయాడు. అచ్చు పని చేపట్టింది ఇద్దరు: పాత సభ్యుడు హెర్మన్ నున్‌బెర్గ్, ఫెడెర్న్ కొడుకు ఎర్నెస్ట్. తండ్రి అమెరికాలో ఉంటే ఈ ఎర్నెస్ట్ 1938 నుంచి 1945 దాకా డాహౌ, బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాల్లో ఉన్నాడు. బతికి బయటపడి ఈ పని చేశాడు.

ఇంగ్లీషులో 1962 నుంచి 1975 వరకు వచ్చాయి. అసలు జర్మన్ పాఠం 1976లో మొదలై 1981కి గానీ పూర్తవలేదు. రాసిన భాషలో అచ్చవడానికి అనువాదం కంటే ఎక్కువ ఆగాల్సి వచ్చింది.

ఖరగ్‌పూర్_శ్రీను

మా పక్కూరి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి! 1922లోనే కలకత్తాలో ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పుట్టింది. డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ ఇంట్లో, 14 పార్సీబగాన్ లేన్. వ్యవస్థాపక సభ్యులు 15 మంది, ఎక్కువమంది కాలేజీల్లో సైకాలజీ, ఫిలాసఫీ చెప్పేవాళ్లు. ఓవెన్ బర్క్‌లీ-హిల్, డాలీ అని ఇద్దరు ఇంగ్లీషు వాళ్లు కూడా. వీళ్లు హిందువుల మనస్తత్వం గురించి రాసిన వ్యాసాలు చదివితే మన సంగతి తర్వాత, పాలకుల మనస్తత్వం బాగా అర్థమవుతుంది.

ఇక్కడి కథను చెప్పేది ముఖ్యంగా ఉత్తరాలు. బోస్, ఫ్రాయిడ్ 1921 నుంచి 1937 దాకా రాసుకున్నారు, ఒక్కసారీ కలవలేదు. కలకత్తా వాళ్లు తర్వాత వాటిని తమ పత్రిక 'సమీక్ష'లో అచ్చువేశారు. బోస్ భలే మనిషి. ఫ్రాయిడ్ ఫోటో చూడని చిత్రకారుడితో ఊహించి బొమ్మ గీయించి దాన్ని వియన్నాకి పంపాడు! 1931లో 75వ పుట్టినరోజుకి దంతపు విష్ణు విగ్రహం పంపితే ఫ్రాయిడ్ టేబుల్ మీద పెట్టుకున్నాడు.

తిరగలి గారికి నచ్చే ముక్క ఒకటుంది. 1929లో బోస్ తన వ్యాసాలు పంపుతూ, యూరప్ రోగుల్లో కనిపించే కాస్ట్రేషన్ భయం (పురుషాంగం పోతుందేమోనన్న భయం) నా భారతీయ రోగుల్లో అంత గట్టిగా కనిపించదు అని మర్యాదగానే మొహం మీద చెప్పాడు. ఫ్రాయిడ్ తన అభిప్రాయం మార్చుకోలేదు, బోసూ మార్చుకోలేదు. 1953లో పోయేదాకా సంఘం అధ్యక్షుడు బోసే. చీటీలు లేవు, విచారణలు లేవు. ఈ మాటే బోస్ వియన్నా గదిలో కూర్చుని అని ఉంటే 11-5 ఓట్లు పడేవేమో.

తిరగలి

సముద్రాలు అడ్డున్నాయి కాబట్టి బతికిపోయాడంటారు, అంతేగా :)

కాగితాల మాటొచ్చింది కాబట్టి, దాచిన కాగితాల సంగతీ చెప్పుకోవాలి. 1885లో, ఇంకా 29 ఏళ్లు నిండని వయసులో ఫ్రాయిడ్ తన నోట్స్, ఉత్తరాలు నాశనం చేసి, జీవితచరిత్ర రాసేవాళ్లు అవస్థపడనీ అని కాబోయే భార్యకు రాశాడు. బెర్లిన్ డాక్టర్ స్నేహితుడు ఫ్లీస్‌కి రాసిన ఉత్తరాలు శిష్యురాలు మేరీ బోనపార్ట్ కొంటే వాటినీ లేకుండా చేయాలన్నది ఆయన కోరిక. ఆవిడ వినలేదు. పూర్తిగా అచ్చయ్యేసరికి 1985. 1951లో కుర్ట్ ఐస్లర్ అనే మనోవిశ్లేషకుడు పెట్టిన ఫ్రాయిడ్ ఆర్కైవ్స్ సంపాదించినవన్నీ వాషింగ్టన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చి, కొన్నిటిని 22వ శతాబ్దం దాకా తెరవకూడదని సీల్ వేసింది. తర్వాత చాలావరకు సడలించారు, 2017లో ఆ సేకరణ ఆన్‌లైన్‌లోనూ పెట్టారు. మనసులో దాచినదంతా బయటికి లాగాలన్న విద్య చుట్టూ ఇన్ని తాళాలు!

కృష్ణలంక_రవి

అందరికీ థాంక్స్ అండీ. సంపుటాల వరుస వదిలేస్తున్నా. ముందు 1910 ఏప్రిల్ చర్చని అచ్చు పుస్తకంతో కలిపి చదువుతాను, తర్వాత 1911 జనవరి నుంచి అక్టోబరు దాకా, పక్కన యుంగ్ ఉత్తరాలు పెట్టుకుని. శ్రీను గారూ, ఆ బోస్ ఉత్తరాలు స్కాన్ దొరికే చోటు తెలిస్తే మెసేజ్ పెట్టండి.

ఖరగ్‌పూర్_శ్రీను

పెడతా. ముందు 1929వి చదవండి. 1921వి అన్నీ పరిచయాలు, నమస్కారాలే.